బురదకో జత, మేకుకో జత: గోదావరి డెల్టాలో సైటు బూట్ల ఎంపిక

మా వైపు పునాదికి నాలుగైదడుగులు తవ్వితే చాలు, గోతిలో నీళ్లు ఊరతాయి. అమలాపురం దాటి సముద్రం వైపు పోయేకొద్దీ ఇంకా పైనే తగులుతాయి. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న నేలంతా గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రే కదా. తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. ఇక్కడ ఇల్లు కట్టినా, కాలవ మీద కల్వర్టు వేసినా, రొయ్యల చెరువు గట్టున షెడ్డు లేపినా కాలికి ముందు తగిలేది నీళ్లు, తరవాత బురద, ఆ బురదలో కనపడకుండా కూర్చున్న మేకు.

బూట్ల మీద దొరికే సలహాలు చాలావరకు ఫ్యాక్టరీ గచ్చు మీద నడిచేవాళ్ల కోసం చెప్పినవి. హైదరాబాదులో సైట్లు చూసే మా బావమరిది కొన్నేళ్ల కిందట నాకో మంచి తోలు బూట్ల జత పంపాడు. అలాంటి జతే అక్కడి రాతినేల మీద తనకు రెండేళ్లు వచ్చిందట. నేను ఆషాఢంలో తొడిగితే వినాయక చవితి నాటికి అడుగు ఊడి చేతికొచ్చింది. తప్పు బూటుదీ కాదు, బావమరిదిదీ కాదు. ఆ బూటు నీళ్లలో నానడానికి పుట్టలేదు, అంతే.

అందుకని ఎవరైనా "ఏ కంపెనీ బూట్లు మంచివండీ?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: రేపు పొద్దున్న నీ కాలు ఎక్కడుంటుంది? గోతిలోనా, సెంట్రింగు (స్లాబు కింద కట్టే పలకలు, కర్రలు) మీదా, గోడ పక్కనా? ఈ మూటికీ ఒకే జత సరిపోదు. రూ. 3,000 పెట్టి ఒక్క ఖరీదైన జత కొనే బదులు, ఆ డబ్బులోనే గమ్‌బూట్లు ఒక జత, మేకు దిగని తోలు బూట్లు ఒక జత కొనుక్కోమంటాను. ఉభయ గోదావరి జిల్లాల్లో పదిహేడేళ్లు సైటు సూపర్‌వైజరుగా తిరిగాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తాను.

గోతిలో పని, స్లాబు రోజు

పునాది గోతులు, ఫుటింగులు, నీళ్లు తోడే పని, కాంక్రీటు పోసే పని. వీటికి గమ్‌బూటు తప్ప వేరే ఆలోచన వద్దు. నీళ్లు చొరకూడదనేది ఒక కారణమే, అసలు కారణం సిమెంటు. తడి సిమెంటుకు క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. చర్మం మీద పడగానే మంట పుట్టదు. అదే దాని మోసం. పొద్దున్న పడిన సిమెంటు పాలు సాయంత్రానికి గానీ సంగతి తెలియనివ్వవు, అప్పటికి మడమ దగ్గర చర్మం తెల్లగా ఉడికి ఊడొస్తుంది. చెప్పులతో స్లాబు మీద నిలబడి వైబ్రేటరు పట్టిన కుర్రాళ్ల కాళ్లు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కొందరికి సిమెంటులో ఉండే క్రోమియం పడక చర్మం దురద, పగుళ్లు కూడా మొదలవుతాయి. ఒకసారి మొదలైతే పనే మానుకోవాల్సినంత వేధిస్తుంది.

గమ్‌బూటు వేసుకుని కూడా కాళ్లు కాల్చుకునేవాళ్లున్నారు. ప్యాంటు అంచులు బూటు లోపలికి దోపుతారు చూశారూ, అక్కడొస్తుంది తంటా. ప్యాంటు మీద పడిన సిమెంటు పాలు నేరుగా బూటులోకి జారి, గంటల తరబడి మడమ కింద నిలవుంటాయి. ప్యాంటు బూటు మీదికి రావాలి, లోపలికి పోకూడదు. లోపల తడి తగిలిందని అనుమానం వచ్చినా సరే, అప్పుడే విప్పి మంచినీళ్లతో బాగా కడగాలి. "స్లాబు అయ్యాక చూద్దాంలే" అనుకుంటే మాత్రం మర్నాడు పనికి రాలేరు.

ఇక గమ్‌బూట్లలో ఏది? బజారులో మామూలుగా దొరికేది ఉత్త పీవీసీ బూటు, రూ. 400, 500 మధ్యలో. రైతులు, చేపల చెరువుల వాళ్లు, పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు వేసుకునేది. అది నీళ్లనీ సిమెంటునీ ఆపుతుంది. మేకును ఆపదు, మీద పడిన ఇటుకనూ ఆపదు. సైటుకు కావాల్సింది కాలివేళ్ల మీద ఇనుప టోపీ, అడుగున ఇనుప రేకు ఉన్న గమ్‌బూటు. దీని ధర దాదాపు రెట్టింపు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కనక షాపతను "అదే అండి ఇది" అంటాడు. వేలితో ముందు భాగం నొక్కండి, లొత్త పడితే టోపీ లేనట్టే. రేకు ఉందో లేదో చేతికి అంత తేలిగ్గా తెలియదు, అడుగు భాగం వంచితే కాస్త బిర్రుగా ఉంటుంది. నమ్మదగ్గది మాత్రం మీద అచ్చు వేసిన గుర్తే, దాని సంగతి కింద చెప్తాను.

పీవీసీ, రబ్బరు మధ్య తేడా కూడా ఉంది. పీవీసీ చవక, సిమెంటుకు బాగా ఓర్చుకుంటుంది, ఎండలో పడేసి వదిలేస్తే మాత్రం గట్టిపడి చీలమండ మడత దగ్గర పగులుతుంది. రబ్బరు మెత్తగా వంగుతుంది, తడి గచ్చు మీద పట్టు బాగుంటుంది, బరువెక్కువ, ధరా ఎక్కువే. రోజూ గోతిలో దిగేవాడైతే రబ్బరు, వారానికోసారి స్లాబు పోసేవాడైతే పీవీసీ. నేనైతే ఇంతకంటే తల బద్దలు కొట్టుకోను.

సైజు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. గమ్‌బూటు వదులుగా ఉంటే సుఖం అనుకుని ఒక నంబరు పెద్దది తీసుకుంటారు. మన బంకమట్టిలో అడుగేస్తే బూటు అక్కడే ఉండిపోయి కాలొక్కటే పైకొస్తుంది. ఒంటికాలి మీద ఊగుతూ చేతిలోని తట్టతో సహా పడిపోవడం నవ్వొచ్చే దృశ్యమే, పక్కన పైకి పొడుచుకొచ్చిన కడ్డీలు లేనంత వరకు.

ఇంకొక్క మాట, పుస్తకాల్లో కనపడనిది. వరిచేను పూడ్చి లే అవుటు వేసిన జాగాల్లో మొదటి నెలల్లో పాములుంటాయి, ఎలుకలుంటాయి. మోకాలి కిందవరకు వచ్చే గమ్‌బూటు రక్తపింజరి విషయంలో కాస్త ధైర్యం. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి గాయానికి తగిలితే ఎలుకజ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, రావచ్చు. వానాకాలం గోతిలో కోసుకుపోయిన కాలితో, ఉత్త పాదాలతో దిగడం ఈ లెక్కన రెండు విధాల తప్పు.

మేకు

మా సైట్లలో కాలికి తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం మీద ఏదో పడటం వల్ల కాదు, కింద ఏదో గుచ్చుకోవడం వల్ల. స్లాబు విప్పిన రోజు సైటు చూడండి. సెంట్రింగు పలకలు, సర్వీ కర్రలు, వాటినిండా పైకి తిరిగిన మేకులు. వాన పడితే బురద వాటిని కప్పేస్తుంది. దారి బాగా లేదని పైన కొబ్బరి మట్టలు పరుస్తారు, అంతటితో మేకు పూర్తిగా మాయం.

నాకూ దిగింది. పేరున్న బూట్లే అనుకుని ఒక షాపులో కొన్నాను. ముందు ఇనుప టోపీ ఉంది, పట్టుకుంటే బరువుంది, బలంగా ఉందనుకున్నాను. అడుగున రేకు లేదు. రెండున్నర అంగుళాల మేకు అడుగు దాటి బొటనవేలి కింద దిగింది. ఆ రోజు నాకు బోధపడింది ఏమిటంటే "సేఫ్టీ బూటు" అన్న మాటలో అడుగు రేకు తప్పనిసరిగా ఇమిడి లేదు. మన ప్రమాణాల ప్రకారం సేఫ్టీ బూటంటే ముందు టోపీ ఉండి తీరాలి. మేకు నిరోధం అదనపు లక్షణం, దానికి వేరే గుర్తుంటుంది.

ఆ గుర్తులే ఇవి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 15298, అందులో 2వ భాగం సేఫ్టీ పాదరక్షలది. ఎస్‌1 అంటే టోపీ, మూసిన మడమ, మడమ దగ్గర దెబ్బను మింగే మెత్తదనం, స్థిర విద్యుత్తు పోగవకుండా ఏర్పాటు. ఎస్‌1పి అంటే దానికి తోడు మేకు నిరోధం. ఎస్‌2 అంటే ఎస్‌1కి తోడు పైతోలు నీటిని కొంతవరకు ఆపుతుంది. ఎస్‌3లో ఈ మూడూ ఉంటాయి, పైగా అడుగున గాళ్లు కూడా. ఎస్‌4, ఎస్‌5 పూర్తిగా రబ్బరుతోనో పాలిమరుతోనో పోసిన గమ్‌బూట్లకు. వాటిలో మేకు నిరోధం ఉన్నది ఎస్‌5. కాబట్టి మన డెల్టా సైటుకు ఒకే అక్షరం, రెండే అంకెలు గుర్తుంటే చాలు: పొడిపనికి ఎస్‌3, గోతికి ఎస్‌5. ఎండాకాలం మాత్రమే పని ఉండి చేతిలో డబ్బు తక్కువైతే ఎస్‌1పి. ఉత్త ఎస్‌1, ఎస్‌2 సైటుకు వద్దు, ఎంత మెరిసినా వద్దు.

రేకులో కూడా రెండు రకాలు. ఒకటి ఉక్కు రేకు, రెండోది గట్టి నేత పొర, కెవ్లార్ లాంటిది. నేత పొర తేలిక, వంగుతుంది, పాదం అంచుల దాకా పూర్తిగా పరుచుకుంటుంది. ఉక్కు రేకు చుట్టూ అంచున కాస్త ఖాళీ ఉంటుంది, కొంచెం బిర్రు, ఎండకు కాగుతుంది. ఇంతవరకు వింటే నేత పొరే మేలనిపిస్తుంది. కానీ పరీక్ష ఎలా చేస్తారో చూడండి. 4.5 మిల్లీమీటర్ల మందం మేకుతో 1,100 న్యూటన్ల బలం పెట్టి గుచ్చుతారు. మన సెంట్రింగు మేకు అంత మందం ఉండదు. 10 గేజీ మేకు 3.25 మిల్లీమీటర్లే. సన్నటి మేకు నేత దారాల సందులో దారి వెతుక్కోగలదు, ఉక్కులో వెతుక్కోలేదు. ఈ తేడా గమనించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345ని 2021లో సవరించినప్పుడు, 3 మిల్లీమీటర్ల మేకుతో పరీక్షించిన నేత పొరకు పీఎస్ అనీ, 4.5తో పరీక్షించిన దానికి పీఎల్ అనీ వేరు గుర్తులు పెట్టారు. సెంట్రింగు విప్పే చోట తిరిగేవాళ్లకు నా ఓటు ఉక్కు రేకుకే. గోడపని, పూతపని వాళ్లకు నేత పొర చాలు, కాలికి సుఖం.

ఎంత మంచి బూటైనా మేకు దిగిందంటే నేరుగా ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం సూది వేయించుకోవాలి. పసుపు పెట్టి కట్టు కట్టడం మా మేస్త్రి వాడిన వైద్యం, అది చాలదు. షుగరున్నవాళ్లయితే చిన్న గాటుకు కూడా ఆలస్యం చేయకూడదు.

ఇనుప టోపీ గొడవ

ముందు టోపీ ఉక్కుదా, ఫైబరుదా అని చాలా చర్చ చేస్తారు. రెండూ ఒకే పరీక్ష నెగ్గాలి: 200 జౌళ్ల దెబ్బ, 15 కిలోన్యూటన్ల ఒత్తిడి. 200 జౌళ్లంటే సుమారు 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డట్టు. ఇదే ప్రమాణంలో 3వ భాగం కింద వచ్చే బూట్లకు 100 జౌళ్లే, 4వ భాగం వాటికి టోపీయే ఉండదు. అందుకే "ఐఎస్ఐ ఉందండి" అంటే సరిపోదు, ఎన్నో భాగమో చూడాలి. ఫైబరు టోపీ తేలిక, తుప్పు పట్టదు, ఎండకు కాగదు, కాస్త మందం కనక ముక్కు లావుగా కనపడుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది మంచిది. అదే చోట తాడు దూరే కన్నాలకు ఇనుప రింగులున్న బూటు కూడా కొనకండి, నెలల్లో తుప్పు కారుతుంది. బరువు పడితే ఉక్కు టోపీ మడతపడి వేళ్లు తెగ్గోస్తుందని ఒక భయం ప్రచారంలో ఉంది. టోపీ మడతపడేంత బరువు పడితే టోపీ లేని కాలి గతి ఏమిటో ఎవరూ ఆలోచించరు.

కరెంటు గురించి ఒక హెచ్చరిక. ఎస్‌1, ఎస్‌3 బూట్లలో ఉండేది స్థిర విద్యుత్తును నేలలోకి జారవిడిచే గుణం. షాకు కొట్టకుండా కాపాడే గుణం కాదు, నిజానికి దానికి ఎదురు. నీళ్లు తోడే మోటారు వైరు అతుకులతో గోతి నీళ్లలో పడి ఉంటే ఏ బూటూ రక్షించదు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, బోర్డులో పెట్టించండి. బూట్ల వ్యాసంలో ఇది ఎందుకంటే, "గమ్‌బూట్లున్నాయిగా, ఏం కాదు" అనే మాట నేను నా చెవులతో విన్నాను.

అడుగు: పీవీసీయా, పీయూనా, రబ్బరా

కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది ఇక్కడే. తోలు బూట్లలో చవకవాటికి పీవీసీ అడుగు. గట్టిగా, బరువుగా ఉంటుంది, తడిసిన టైల్సు మీద జారుతుంది. ఒక సీజను పనికి, దారిన పోయే అవసరానికి సరే. మధ్యరకానికి పీయూ, అంటే పాలీయూరిథేన్ అనే నురుగు ప్లాస్టిక్, అదీ రెండు పొరలది: లోపలి పొర మెత్తన, బయటి పొర గట్టిది. వేసుకుంటే స్పోర్ట్స్ షూ వేసుకున్నట్టు హాయిగా ఉంటుంది. షాపులో నాలుగడుగులు వేసి చూసిన ఎవరైనా దీన్నే కొంటారు. ఆపైన నైట్రైలు రబ్బరు అడుగు. బరువు, ధర రెండూ ఎక్కువే, పట్టు బాగుంటుంది, వేడికి ఓరుస్తుంది. 300 డిగ్రీల వేడిని ఒక నిమిషం తట్టుకునే పరీక్ష నెగ్గినవి దొరుకుతాయి. తారు రోడ్డు పనికి, వెల్డింగు పనికి ఇది తప్ప మిగతావి పనికిరావు. వేడి తారు మీద పీయూ మెత్తబడి కరుగుతుంది.

మరి పీయూకి ఏం తక్కువ? మన గాలి. పీయూ తేమను పీల్చుకుని లోలోపల విడిపోతుంది. వాడితేనే కాదు, అట్టపెట్టెలో పెట్టి అటక మీద దాచినా విడిపోతుంది. డెల్టాలో ఉప్పు డబ్బా కూడా నీళ్లు కారే వానాకాలంలో, షాపు వెనక గోడౌనులో రెండు మూడేళ్లు ఉండిపోయిన పీయూ బూటు బయటకు నిగనిగలాడుతూనే ఉంటుంది. కొన్న రెండో నెల అడుగు గుల్లగా పెళ్లలు పెళ్లలుగా రాలిపోతుంది. తయారీ లోపం అనుకుంటాం, కాదు, వయసు. బావమరిది పంపిన జత కథ కూడా అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వాడు కొని ఏడాది బీరువాలో పెట్టి మరీ పంపాడు.

దీనికి మందు సులువే. బూటు తిరగేసి చూడండి. అడుగున గడియారం లాంటి గుండ్రటి అచ్చుంటుంది, చుట్టూ 1 నుంచి 12 అంకెలు, మధ్యలో సంవత్సరం, ఒక బాణం. బాణం చూపేది తయారైన నెల. ఏడాది దాటినవి నేను తీసుకోను, "డిస్కౌంటు ఉందండి" అంటే అసలే తీసుకోను. గోరుతో అడుగు అంచు నొక్కినప్పుడు జిగురుగానో గుల్లగానో తగిలితే అక్కడే దించేయండి. వానాకాలమంతా తొడిగేవాళ్లు పీయూ బదులు రబ్బరు అడుగుకు ఇంకో రూ. 500, 600 పెట్టడం మంచి బేరం. జనవరి నుంచి మే దాకా పనిచేసి ఆపేసేవాళ్లకు పీయూ బ్రహ్మాండంగా సరిపోతుంది.

గాళ్ల లోతు కూడా చూడాలి. నల్లమట్టి గాళ్లలో ఇరుక్కుంటే పది అడుగులకు బూటు ఏనుగు పాదమవుతుంది. గాళ్లు లోతుగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటే నడుస్తుంటే మట్టి దానంతటదే రాలిపోతుంది. దగ్గర దగ్గరగా సన్నటి గీతలున్న అడుగు ఎండిన గచ్చుకు బాగుంటుంది, మన పొలంగట్టు మీద సబ్బు వేసినట్టు జారుతుంది. నిచ్చెనలెక్కేవాళ్లకు మడమ వేరుగా, మెట్టుగా ఉండాలి. చదునుగా ఒకే పలకలా ఉన్న అడుగుకు మెట్టు ఆనదు.

"కాలు ఆనదండి"

సెంట్రింగు మేస్త్రి ఒకాయన, వయసులో మా నాన్నంత, బూట్లు వేసుకోమంటే ఎన్నిసార్లు చెప్పినా అదే మాట: "ఏవండీ, ఇయ్యేసుకుని సర్వీ కర్రలెక్కితే కాలు ఆనదండి. ఉత్తికాలైతే కర్ర కదిలితే తెలుస్తాదండి." చాలా రోజులు మొండితనం అనుకున్నాను. తరవాత నేనే ఒకసారి గట్టి పీవీసీ అడుగు బూట్లతో ఆ కర్రల మీద ఎక్కి చూశాను, ఆయన చెప్పింది నిజమే. గుండ్రటి కర్ర మీద బిర్రు అడుగు పట్టు దొరకదు. పరిష్కారం రెండు వైపుల నుంచి రావాలి. కర్రల మీద నిలబడి పనిచేయించే బదులు పలక పరిచిన వేదిక కట్టించాలి, అది కంట్రాక్టరు పని. మెత్తగా వంగే అడుగు, నేత పొర రేకు, చీలమండ దాకా వచ్చే బూటు ఇవ్వాలి, అది కొనేవాడి పని. ఆయనకు అలాంటి జత తెచ్చి ఇస్తే మొదటి వారం చేత్తో పట్టుకుని తిరిగారు. రెండో వారం వేసుకున్నారు. కింద విప్పే పని మొదలైన రోజు మాత్రం ఉక్కు రేకు జత మార్చుకోవాల్సిందే.

కాబట్టి సుఖం అనేది విలాసం లెక్కలోకి రాదు. నొక్కే బూటు పదకొండింటికల్లా పరంజా కర్రకు వేలాడుతుంది. కొనడానికి సాయంత్రం వెళ్లండి, పగలంతా నిలబడిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ కాలికి సరిపోతేనే మర్నాడు మధ్యాహ్నం సరిపోతుంది. పనిలో వేసుకునే సాక్సే వేసుకుని వెళ్లండి. తాళ్లు కట్టకముందు కాలు ముందుకు తోసి చూస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. మెట్టు దిగుతున్నట్టు ముందుకు వాలితే వేళ్లు టోపీకి తగలకూడదు. చిన్నప్పటి నుంచి ఉత్తికాళ్లతో తిరిగిన మన పాదాలు ముందు వెడల్పు. పొడుగు సరిపోయినా వెడల్పు పట్టదు. అలాంటప్పుడు నంబరు పెంచితే మడమ జారి పుండవుతుంది. వెడల్పు ముక్కు మోడలు అడగండి. డబ్బా మీద 42 అని ఉంటే కంగారు పడొద్దు, అది యూరప్ లెక్క, మన 8 నంబరు.

ఆడవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. తట్ట మోసేవాళ్లలో, ఇటుక అందించేవాళ్లలో సగం మంది వాళ్లే అయినా షాపుల్లో 6 నంబరు కింద సేఫ్టీ బూట్లు పెట్టరు. 3, 4, 5 నంబర్లు తయారవుతాయి, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. చీర కుచ్చెళ్లతో పొడుగు గమ్‌బూటు కుదరదు, చీలమండ పైదాకా వచ్చే పొట్టి గమ్‌బూట్లు ఉన్నాయి, అవి తెప్పించండి. మగవాళ్ల 6 నంబరులో గుడ్డ కుక్కి వేసుకోమని ఇవ్వడం కంటే ఇవ్వకపోవడమే నయం, దాంతో నిచ్చెన ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.

గుర్తు చదవడం, బేరం

బూటు నాలిక మీదో, లోపలి అంచునో ఐఎస్ఐ ముద్ర ఉంటుంది. ముద్ర పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు. గమ్‌బూట్లకు ఎస్‌5 గుర్తు లేకుండా పీవీసీకి ఐఎస్ 12254, రబ్బరుకు ఐఎస్ 5557 కూడా కనపడతాయి. ఆ లైసెన్సు నంబరును ఫోనులో ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ కంపెనీ పేరు, ఆ సరుకు పేరు రావాలి. వేరే ఊరి ప్లాస్టిక్ బకెట్ల కంపెనీ వస్తే సంగతి తేలిపోయినట్టే. షాపులో నిలబడే చూడొచ్చు, నిమిషం పని. బాటా, లిబర్టీ వారియర్, కరమ్, హిల్సన్, అలెన్ కూపర్ ఇలా చాలా పేర్లు రాజమండ్రి, కాకినాడ, భీమవరం హార్డ్‌వేరు షాపుల్లో దొరుకుతాయి. ప్రతి పేరు కిందా చవక మోడలుంది, మంచి మోడలుంది. పేరు చూసి కాక అక్షరం చూసి కొనండి.

డబ్బు ఎవరిది? నీళ్లలో, తడి కాంక్రీటులో పనిచేసే కార్మికుడికి నీరు చొరని బూట్లు యజమానే ఇవ్వాలని 1998 నాటి కేంద్ర భవన నిర్మాణ కార్మికుల నియమాల్లోనే రాశారు. ఊళ్లో చిన్న ఇల్లు కట్టించేవాళ్లకు ఆ నియమం వర్తించినా వర్తించకపోయినా ఇచ్చేయడమే మేలు. చిన్న ఇంటి స్లాబుకు ఆరేడు జతల గమ్‌బూట్లంటే స్లాబు ఖర్చులో లెక్కలోకి రాని మొత్తం, పైగా అవి తరవాతి స్లాబుకూ వస్తాయి. ఒకరి బూటు ఒకరికి ఇచ్చేటప్పుడు మాత్రం లోపల కడిగి, ఆరబెట్టి, పౌడరు వేసి ఇవ్వాలి. లేకపోతే ఒకరి వేళ్ల సందుల ఒరుపు పదిమందికి అంటుకుంటుంది.

ఆ ఒరుపే డెల్టాలో బూట్లకు పెద్ద శత్రువు. నాలుగు రోజులు తడిబూటు వేసుకుంటే వేళ్ల సందులు తెల్లగా నాని, పగిలి, నడవనివ్వవు. అందుకే రెండు జతల మాట అన్నాను: ఒకటి ఆరేలోపు ఇంకొకటి. ఉత్త నూలు సాక్సు తడిస్తే తడిగానే ఉంటుంది. నూలు, పాలియెస్టరు కలిసినవి త్వరగా ఆరతాయి, మధ్యాహ్నం భోజనాల వేళ మార్చుకోవడానికి ఇంకో జత సంచిలో ఉంచుకోండి. బూటు లోపలి అట్ట తీసి విడిగా ఆరబెట్టాలి. తోలు బూటును ఎండలోనో పొయ్యి పక్కనో పెడితే బెరడులా బిగుసుకుపోతుంది. పాత న్యూసు పేపరు ఉండచుట్టి లోపల కుక్కి నీడన గాలికి పెట్టండి, పేపరు తడిసినప్పుడల్లా మార్చండి. కోనసీమ కదా, బూటుకు కూడా కొబ్బరినూనె రాస్తారు. నెలకోసారి రెండు చుక్కలైతే పరవాలేదు, ముంచితే తోలు సాగిపోయి దుమ్మంతా పట్టుకుంటుంది. మైనం పాలిష్ మేలు.

చేతిలో ఇంతే ఉందంటే వరస ఇలా పెట్టుకోండి. రూ. 1,000 లోపు ఒక్కటే కొనగలిగితే, ఇప్పుడు నడుస్తున్న పని చూడండి: గోతులైతే టోపీ, రేకు ఉన్న గమ్‌బూటు, లేకపోతే ఎస్‌1పి తోలు బూటు. రూ. 2,500 దాకా ఉంటే ఆ రెండూ. ఇంకా మిగిలితే తోలు జతను రబ్బరు అడుగున్న ఎస్‌3కి మార్చండి, పైతోలు జోలికి, రంగు జోలికి పోవద్దు. కొన్న రోజే నాలిక లోపల మార్కరుతో తారీఖు, మీ పేరు రాసుకోండి. తారీఖు ఎప్పుడు మార్చాలో గుర్తుచేస్తుంది. పేరు ఎందుకో, స్లాబు రోజు సాయంత్రం ఒకే రకం బురదబూట్లు పదిహేను జతలు కుప్పగా పడి ఉన్నచోట తెలుస్తుంది.